సీసా సంచికి పట్టీయే ప్రాణం

అమ్మలూ,

నీళ్ల సీసాకి భుజాన తగిలించుకునే సంచి క్రోషేతో, అంటే కొక్కెం సూదితో, అల్లబోతున్నావని మీ అమ్మ చెప్పింది. సొంతంగా అల్లుకుంటానన్నందుకు మురిసిపోయాను. దాన్ని వేసుకుని సైకిల్ మీద తిరుగుతావని వినేసరికి మాత్రం గుండెల్లో రాయి పడింది. అందుకే ఈ ఉత్తరం. చివరిదాకా చదివాకే సూది పట్టుకో.

దారం నూలుదే తీసుకో. ఊలు బరువుకి సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. లేబుల్ మీద దారపు ఉండ బొమ్మలో 4 అంకె ఉండే మందం సరిపోతుంది. 150 గ్రాములు ఒకేసారి కొను. మధ్యలో అయిపోయి మళ్లీ కొంటే రంగు కలవదు. ఆ మందానికి 5 మి.మీ. పైన సూది వాడమని లేబుల్ మీద ఉంటుంది. నువ్వు 4 మి.మీ. తీసుకో. ఒంటి మీద వేసుకునేది జారుగా, మెత్తగా ఉండాలి గానీ బరువు మోసేది బిగువుగా ఉండాలి. ఇంకో మాట, నేను అమెరికన్ పద్ధతిలో సింగిల్ క్రోషే అంటున్న పొట్టి కుట్టుని బ్రిటిష్ నమూనాల్లో డబుల్ క్రోషే అంటారు. రెండు రకాల నమూనాలూ కలిపి చూశావంటే లెక్క తప్పుతుంది.

మీ ముప్పావు లీటరు స్టీలు సీసా అడుగు 7 సెం.మీ. వెడల్పు ఉందని మీ అమ్మ కొలిచి చెప్పింది. మ్యాజిక్ రింగులో, అంటే లాగితే బిగుసుకునే దారపు ఉచ్చులో, 6 సింగిల్ క్రోషేలతో మొదలుపెట్టు. వరసకి ఆరు చొప్పున పెంచుకుంటూ 12, 18, 24, 30, 36 దాకా వెళ్లు. అక్కడికి వెడల్పు ఇంచుమించు 7 సెం.మీ. వస్తుంది. ప్రతి వరసలో మొదటి కుట్టుకి రంగు దారం ముక్క గుర్తుగా పెట్టు. గుండ్రంగా పోయే అల్లికలో వరస ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. అడుగు గిన్నెలా పైకి లేస్తే పెంచడం తక్కువైందని, లేదా దారం మరీ బిగించావని అర్థం. అంచులు కుచ్చిళ్లు పడితే ఎక్కువ పెంచావన్నమాట. నీకు చిన్నప్పటి నుంచీ బిగబట్టే అలవాటే. పదేళ్లప్పుడు నువ్వు అల్లిన చిన్న గుండ్రటి చాప బల్ల మీద ఆనకుండా దొప్పలా లేచి నిలబడేది. అది ఇంకా నా పెట్టెలోనే ఉంది, పారేయలేదు.

గోడకి పెంచక్కర్లేదు. మొదటి వరస మాత్రం కుట్టు వెనక పోగులోంచే తియ్యి, అడుగు అక్కడ చక్కగా మలుపు తిరుగుతుంది. తర్వాత మూడు వరసలు గట్టిగా సింగిల్ క్రోషే. ఆపైన వల: 3 గొలుసు కుట్లు వేసి, కింద 2 కుట్లు వదిలి మూడోదాంట్లో ఒక సింగిల్. ఇలాగే పోతే చుట్టూ 12 గొలుసు వంపులు వస్తాయి. పై వరసల్లో కింది వంపు మధ్యలో సింగిల్ వేసుకుంటూ పో. 4 గొలుసులు వేస్తే వల తొందరగా పైకి లేస్తుందని ఆశపడకు, సీసా చుట్టూ లొడలొడలాడుతుంది. సీసా భుజం దగ్గరికి, అంటే 18 సెం.మీ. దాకా వచ్చాక వంపుకి 3 సింగిల్స్ వేస్తే మళ్లీ 36 అవుతాయి. ఇంకో మూడు వరసలు గట్టిగా అల్లి మూతి ముగించు.

ఇక పట్టీ. అసలు ఉత్తరం రాస్తున్నది దీని కోసమే.

అందరూ చేసే పాత తప్పు ఒకటుంది. సంచి అంతా ముద్దుగా అల్లి, చివర్లో మూతి అంచున రెండు పక్కలా పట్టీ తగిలించేస్తారు. నీళ్లు పోస్తే సీసాతో కలిపి దాదాపు కిలో బరువు. ఆ కిలో అంతా అటు నాలుగు కుట్లు, ఇటు నాలుగు కుట్ల మీద వేలాడుతుంది. మొదటి రోజు ఏమీ తెలియదు. కొన్నాళ్లు మోశాక మూతి గుండ్రంగా ఉండకుండా కోలగా సాగుతుంది. పట్టీ తగిలించిన చోట వంపులు పొడుగ్గా లాక్కుపోతాయి, మిగతా చోట వదులవుతుంది. చివరికి అంచున ఒక్క పోగు తెగుతుంది. ఒక్కటే కదా అనుకుంటాం, కానీ వలలో పోగు తెగితే పక్క గొలుసు దానంతటదే విప్పుకుంటుంది. నిండు స్టీలు సీసా పాదం మీద పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

వల మోసేది కాదు, సీసాని పట్టుకునేది. మోయాల్సింది పట్టీ. కాబట్టి పట్టీ మూతి దగ్గర ఆగకూడదు. ఒక పక్క గోడ వెంట దిగి, అడుగు కిందుగా పోయి, రెండో పక్క పైకి రావాలి, ఉట్టిలో కుండ కూర్చున్నట్టు సీసా దాన్లో కూర్చోవాలి. భుజం మీది భాగం 110 సెం.మీ., గోడలు 18 చొప్పున రెండు, అడుగు 7, అతుకుకి ఒక 5. మొత్తం 158 సెం.మీ.

ఆ పట్టీని అయిదు కుట్లు వేసి అటూ ఇటూ తిప్పుతూ అల్లకు. బరువు లాగే దిశలో వరసల మధ్య సందులు తెరుచుకుని సాగిపోతుంది. పొడవునా అల్లు. ముందే 20 కుట్ల ముక్క అల్లి కొలుచుకో, నీ చేతికి 158 సెం.మీ.కి ఎన్ని గొలుసులో తేలుతుంది. ఇంచుమించు 250 ఉంటాయి. ఈ గొలుసుని 5 మి.మీ. సూదితో వెయ్యి, బిగిస్తే పట్టీ విల్లులా వంగుతుంది. తర్వాత 4 మి.మీ. సూదితో పొడవునా 5 వరసలు సింగిల్ క్రోషే. 3 సెం.మీ. వెడల్పు వస్తుంది. అంతకంటే సన్నగా ఉంటే భుజం కోసుకుంటుంది. చివరగా రెండు అంచులకీ స్లిప్ స్టిచ్, అంటే దారాన్ని ఒక్క లాగులో తీసే చదును కుట్టు, వెయ్యి. పొడవు సాగకుండా ఆపేది ఆ అంచే, విసుగనిపించినా వదిలెయ్యకు.

కుట్టేటప్పుడు 36 కుట్లలో 1, 19 దగ్గర గుర్తులు పెట్టు, అవి ఎదురెదురుగా వస్తాయి. మొద్దు మొన సూదితో పట్టీ రెండు అంచులూ గోడకి కుట్టు. వల దగ్గర గొలుసు పోగుని కాకుండా రెండు వంపులు కలిసే సింగిల్ ముడిని పట్టుకో. దగ్గరగా చూస్తే అక్కడ దారం చిన్న గింజలా గట్టిగా ఉంటుంది, సూది అందులోంచి పోవాలి. పట్టీ అతుకు భుజం మీద వద్దు, అడుగున వద్దు, అడుగున వేస్తే సీసా నిలబడదు. పక్క గోడ మీద 5 సెం.మీ. ఒకదాని మీద ఒకటి వేసి రెండు పొరలూ కలిపి కుట్టు. దారం కొసలు 15 సెం.మీ. వదిలి, మూడు దిక్కులకి తిప్పి దూర్చు. ముడి వేసి కత్తిరిస్తే నూలు ముడి జారుతుంది.

అయ్యాక పట్టీ కొలిచి రాసుకో. నీళ్లు నింపిన సీసా పెట్టి, తలుపు గడియకి ఒక రాత్రి వేలాడదియ్యి, కింద దిండు పెట్టు. పొద్దున మళ్లీ కొలువు. 3 సెం.మీ. కంటే ఎక్కువ సాగితే పట్టీ వెనక 2 సెం.మీ. నూలు టేపు కుట్టాల్సిందే. చల్లని సీసా చెమర్చి నూలు తడుస్తుంది. రాత్రి సీసా లోపలే ఉంచి వదిలేస్తే బూజు వాసన వస్తుంది, తీసి ఆరెయ్యి.

సంచి నడుము దగ్గర ఆగాలి, మోకాలికి తగలకూడదు. తగిలితే పట్టీ పొడవు తగ్గించి మళ్లీ కుట్టు, బద్ధకించకు. మూతికి తాడు పెట్టాలనుకుంటే కొసలు 10 సెం.మీ. మించనివ్వకు. సైకిల్ ఎక్కేటప్పుడు సంచి తీసి బుట్టలో పెట్టు. హ్యాండిల్‌కి మాత్రం ఒక్క నిమిషం కూడా తగిలించకు. ఊగి ముందు చక్రం చువ్వల్లో పడిందంటే మనిషి ముందుకి పల్టీ కొడుతుంది. పట్టీ కుట్టాక ఒక ఫొటో పంపు, అడుగు భాగం కనిపించేలా.

మీ
పెద్దమ్మ