ఊళ్లో జరిగే పండగలు, ఈవెంట్స్‌లో మన ఫొటోగ్రఫీని ఎలా ప్రమోట్ చేసుకోవాలి?

విజిటింగ్ కార్డులు వెయ్యి కొట్టించి పంచితే పని రాదండి, సగం అక్కడే కింద పడుంటాయి. వినాయక చవితి మండపమో సంక్రాంతి ముగ్గుల పోటీనో చూసుకుని కమిటీ వాళ్లని ముందే కలిసి, ఫొటోలు ఫ్రీగా తీస్తా, స్టేజ్ పక్కన చిన్న బ్యానర్ కట్టుకోనివ్వండి అని అడగండి, సాధారణంగా కాదనరు. బతుకమ్మ అయితే ఇంకా మంచిది, 9 రోజులు కదా, మొదటి రోజు ఎంగిలిపూల నాడు తీసినవి నచ్చితే చివరి రోజు సద్దుల బతుకమ్మకి వాళ్లే పిలుస్తారు, కానీ ఆట చీకటి పడ్డాక కూడా నడుస్తుంది కాబట్టి తక్కువ వెలుగులో కూడా బాగా తీసే 50 ఎంఎం ఎఫ్ 1.8 లాంటి లెన్స్ ఉండాలి, ఫ్లాష్ నేరుగా కొడితే దీపాల వెలుగంతా చచ్చిపోతుంది.

అసలు కిటుకు ప్రింటు. చిన్న డై సబ్లిమేషన్ ప్రింటర్ (వేడితో రంగుల్ని కాగితం మీదకి ఎక్కించేది) ఉంటే నిమిషం అటూఇటూగా 4 బై 6 అంగుళాల ఫొటో చేతిలో పెట్టొచ్చు, వెనకాల మీ పేరు, నంబర్ ఉన్న స్టిక్కర్ అంటించండి. ఫోన్లో ఫొటో వందల్లో కలిసిపోతుంది, ఇదేమో షోకేసులోకి ఎక్కుతుంది (మా అమ్మ ఇప్పటికీ తీయనివ్వదు). మిగతావి ఆ రాత్రికే వాట్సాప్‌లో పంపేయండి, వారం తర్వాత పంపితే ఎవరికీ పట్టదు. పిల్లల ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టేముందు మాత్రం వాళ్ల అమ్మానాన్నల్ని అడగండి.