గాల్ బ్లాడర్ రాళ్ల మందు వల్ల ఎముకలు గుల్లబారతాయా? ముందు అమ్మగారి మందుల సంచీ బోర్లించండి

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 57 ఏళ్లు. గాల్ బ్లాడర్‌లో చిన్న రాళ్లున్నాయని ఏడాదిగా ఉడిలివ్ 300 వేసుకుంటున్నారు. ఇప్పుడు ఎముకల సాంద్రత తగ్గిందని రిపోర్టు వచ్చింది. పక్కింటావిడ "ఆ మాత్ర వల్లే, వెంటనే మాన్పించు" అంటోంది. మాన్పించాలా, వద్దా?

నేను డాక్టర్ని కాను. కానీ అదే మాత్ర ఏడాదికి పైగా వాడినదాన్ని. అది వాడుతుండగానే నాకూ ఎముకలు పలచబడ్డాయని తేలింది. మీకున్న అనుమానమే నాకూ వచ్చి, గుంటూరులో ఇద్దరు డాక్టర్లను అడిగాను. ఒకరు రాళ్లకు చూసేవారు, ఇంకొకరు ఎముకల డాక్టరు. ఇద్దరూ చెప్పింది ఒక్కటే: ఆ మాత్ర వల్ల కాదు.

ఉడిలివ్, ఉర్సోకాల్ లాంటి పేర్లతో అమ్మేది ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్. మన పైత్యరసంలో కూడా ఇది కొద్దిగా ఉంటుంది. మాత్రగా వేసుకుంటే కాలేయం నుంచి పైత్యరసంలోకి దిగే కొలెస్ట్రాల్ తగ్గుతుంది, అలా నెలల తరబడి రాయి అంచులు కరుగుతూ వస్తాయి. దీంతో ఎక్కువగా వచ్చే ఇబ్బంది విరేచనాలు. నాకు మొదట్లో కడుపు కాస్త వదులైంది, డోసు రెండుగా విడగొట్టి భోజనం తర్వాత వేసుకోమంటే సర్దుకుంది. ఎముకలు గుల్లబారడం మాత్రం దీనికి తెలిసిన దుష్ఫలితాల్లో లేదు.

మరి ఈ మాట ఎలా పుట్టిందంటే, ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్ అని కాలేయ జబ్బు ఒకటుంది. ఎక్కువగా నడివయసు ఆడవాళ్లకు వస్తుంది. దానికీ ఈ మందే, పైగా ఎక్కువ డోసులో, ఏళ్ల తరబడి ఇస్తారు. ఆ జబ్బులో పైత్యరసం పేగుల్లోకి సరిగా దిగదు కాబట్టి కొవ్వులో కరిగే డి, కె విటమిన్లు ఒంటపట్టవు, ఎముకలు దెబ్బతింటాయి. అది జబ్బు చేసే పని. ఫోన్లో మందు పేరూ ఎముకలూ కలిపి వెతికితే ఈ పేషెంట్ల గురించే వస్తుంది. వాన పడే చోటల్లా గొడుగులు కనిపించాయని గొడుగుల వల్లే వాన అన్నట్టుంది.

ఇక నా సంగతి. ఎముకల డాక్టరు రిపోర్టు చూడకముందే "వేసుకునేవన్నీ బల్ల మీద పెట్టమ్మా" అన్నారు. సంచీ బోర్లించాను. రాళ్ల మాత్ర, థైరాయిడ్ డబ్బా, బీపీవి, వాటి మధ్య కత్తెరతో కత్తిరించిన చిన్న స్ట్రిప్పు ముక్క. మందుల షాపులో ఐదేసి, పదేసి కత్తిరించి ఇస్తారు కదా, ఆ ముక్క మీద పేరులో సగమే మిగిలింది. ఆయన వెలుతురుకి పట్టుకుని చూసి "ఇది ఎన్నాళ్ల నుంచి?" అని అడిగారు. అది పాంటోప్రజోల్. పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ళ. రాళ్లు బయటపడకముందు, పై కడుపులో నొప్పికి గ్యాస్ అనుకుని ఒకరు రాశారు. తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లినా చీటీలో "కంటిన్యూ" అని రాశారే గానీ ఎప్పుడు ఆపాలో ఒక్కరూ చెప్పలేదు. ఈ కోపం నాకు ఇంకా పోలేదు.

ఈ రకం బిళ్ళలు ఏడాది, అంతకు మించి లేదా ఎక్కువ డోసులో వాడేవాళ్లలో తుంటి, మణికట్టు, వెన్నుపూస విరిగే ముప్పు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించింది. అచ్చంగా ఇవే కారణమని రుజువైందని కాదు, ఆ ముప్పు పెద్దదీ కాదు. కానీ నెలసరి ఆగిపోయి, డి విటమిన్ తక్కువగా ఉన్న మనిషికి ఇంకో బరువు ఎందుకు? మన దగ్గర రాళ్లున్నవాళ్లలో ఈ బిళ్ళ వేసుకోనివాళ్లు నాకైతే పెద్దగా తగల్లేదు. అందుకే మీ అమ్మగారి చీటీలో ముందు దీన్ని వెతకండి. ఉంటే ఇంకా అవసరమా అని డాక్టర్ని అడగండి, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. అలా ఆపితే కొన్నాళ్లు మంట రెట్టింపవుతుంది, మళ్లీ షాపుకి పరిగెత్తాల్సి వస్తుంది. నాకు మెల్లగా తగ్గిస్తూ మాన్పించారు.

ఆమె థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే, ఆ డోసు సరిపోతోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష కూడా చేయించండి. డోసు ఎక్కువైతే ఆ మాత్ర కూడా ఎముకల్ని తినేస్తుంది. మోకాళ్ల నొప్పులకి పేరూ ఊరూ లేని పొడులు ఏమైనా తెప్పించుకుంటున్నారేమో మెల్లగా అడగండి, కొన్నిట్లో స్టెరాయిడ్ కలుపుతారు, అదీ ఎముకల్ని గుల్ల చేస్తుంది. తిట్టినట్టు అడిగితే చెప్పరు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఈ మధ్య ఆమె బాగా బరువు తగ్గారా? ఆపరేషన్‌తో గానీ, కఠినమైన డైట్‌తో గానీ త్వరగా తగ్గితే గాల్ బ్లాడర్‌లో రాళ్లు పుడతాయి, ఎముకలూ పలచబడతాయి. అలా తగ్గేవాళ్లకి రాళ్లు రాకుండా ఈ మందే ముందు జాగ్రత్తగా ఇస్తారు కూడా. అప్పుడు మందూ, ఎముకల రిపోర్టూ ఒకేసారి కనిపిస్తాయి గానీ రెంటికీ మూలం బరువు తగ్గడమే.

అసలు ఆ రిపోర్టు ఎలా వచ్చిందో మీరు రాయలేదు. ఉచిత క్యాంపులో మడమకి జెల్ రాసి చూసే చిన్న మెషీన్‌తోనా? అది అనుమానించడానికి పనికొస్తుంది గానీ తేల్చి చెప్పడానికి కాదు. నడుము, తుంటి దగ్గర ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించండి. అందులో టీ స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే పలచబడటం మొదలైందని, మైనస్ 2.5, ఇంకా కిందికి ఉంటే ఆస్టియోపోరోసిస్ అని అర్థం. దాంతోపాటు డి విటమిన్, కాల్షియం పరీక్షలు.

రాళ్ల మాత్ర ఆపాలా అన్నదానికి ఎముకలతో పని లేదు. అది పని చేస్తోందా అన్నదే అడగాలి. ఆ మందు కరిగించేది కొలెస్ట్రాల్ రాళ్లని, అదీ చిన్నగా, సున్నం పట్టకుండా ఉంటేనే. మన దక్షిణాదిలో పైత్యరసపు రంగు పదార్థంతో ఏర్పడే నల్లటి పిగ్మెంట్ రాళ్లు ఉత్తరాది కంటే ఎక్కువ, వాటి మీద ఇది పని చేయదు. ఏడాదైంది కాబట్టి అల్ట్రాసౌండ్ తీయించి పాతదానితో పోల్చమనండి. రాయి ఏమాత్రం తగ్గకపోతే మందు కొనసాగించాల్సిన అవసరం ఏమిటో అడగండి. నాకు అలాగే అయింది, నొప్పులు కూడా వస్తుండటంతో చివరికి ల్యాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్‌లో, గాల్ బ్లాడర్ తీసేశారు. రాయి తగ్గుతుంటే మాత్రం పక్కింటావిడ మాట విని మధ్యలో వదిలేయకండి. ఈలోగా జ్వరం, కళ్లు పచ్చబడటం, తగ్గని నొప్పి ఏది వచ్చినా ఆలోచించకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

కాల్షియం మొదలుపెడితే ఒక మాట. గ్యాస్ బిళ్ళ ఇంకా వాడుతుంటే కార్బొనేట్ రకం సరిగా ఒంటపట్టదు, దానికి కడుపులో ఆమ్లం కావాలి. సిట్రేట్ రకం రాయమని అడగొచ్చు. అల్యూమినియం ఉండే గ్యాస్ సిరప్పులు రాళ్ల మాత్రని ఒంటపట్టనీయకుండా పట్టేస్తాయి, రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. వారానికోసారి వేసుకోమని రాసే డి విటమిన్ 60,000 యూనిట్ల క్యాప్సూల్‌ని రోజూ మింగేసినవాళ్లని మా వీధిలోనే చూశాను, కాబట్టి అది మీ చేతుల్లో ఉంచుకోండి. రాగి జావ, నువ్వులు, పెరుగు అమ్మగారికి పడితే రోజూ పెట్టండి.

తర్వాతి డెక్సా కూడా అదే సెంటర్‌లో, అదే మెషీన్ మీద తీయించండి. మెషీన్ మారితే అంకెలు సరిగా పోల్చలేరు.