నెట్ లేనివాళ్ల కోసం రాస్తున్నావు

అమ్మాయీ,

విండోస్ బదులు ఉబుంటు అనే లైనక్స్ ఓఎస్ వాడేవాళ్ల కోసం, ‘ఉబుంటు అప్‌గ్రేడ్ చేశాక వైఫై పోయిందా? ఇలా చేయండి’ అంటూ నువ్వు పంపిన వ్యాసం అందింది. తెలుగు బాగుంది, ఎక్కడా తడబాటు లేదు. మిగతాది కూడా చెబుతాను, నొచ్చుకోకుండా చదువు.

నీ మూడో మెట్టు దగ్గర నాకు కోపం వచ్చింది. లాప్‌టాప్‌లో వైఫై రావడం లేదని పైన నువ్వే చెప్పి, కింద ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ (అడ్మిన్ హక్కుతో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఎక్కించే కమాండ్) కొట్టి ఫలానా ప్యాకేజీ ఎక్కించుకోమన్నావు. అది ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆప్ట్ దాన్ని నెట్‌లోంచే కదా తెచ్చేది! నీ వ్యాసం చదివే మనిషి చేతిలో ఫోను, ఎదురుగా నెట్ లేని లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ఈ మధ్య వచ్చే పల్చటి లాప్‌టాప్‌లలో చాలావాటికి లాన్ కేబుల్ పెట్టుకునే చోటు కూడా ఉండటం లేదు. నువ్వు చెప్పినట్టే కమాండ్ కొడతాడు. ‘టెంపరరీ ఫెయిల్యూర్ రిజాల్వింగ్’ అంటూ లైన్లు వస్తాయి. తను కొట్టడంలోనే ఏదో తేడా వచ్చిందనుకుని మళ్లీ కొడతాడు. తప్పు మనది, భయం అతనిది. ఇది నేను సహించలేను.

అందుకే వ్యాసం అక్కడి నుంచే మొదలవ్వాలి. ఫోన్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్నచోటే ఉండే ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేస్తే ఉబుంటు దాన్ని వైరు కనెక్షన్‌లా పట్టుకుంటుంది. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లకు వేరే డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు. కొన్ని చవక కేబుళ్లలో చార్జింగ్ వైర్లే ఉంటాయి, డేటా వెళ్లదు. టెథరింగ్ బటన్ మసగ్గా ఉండి నొక్కుడు పడకపోతే కేబుల్ మార్చి చూడమని కూడా రాయి. ఈ చిన్న మాట లేకపోతే సగం మంది ఇక్కడే ఆగిపోతారు.

ఇంకో సంగతి. నాలుగో పేరాలో ఒకే ఒక్క వాక్యం రాసి వదిలేశావు: మీ నాన్నగారి జిరాక్స్ షాపులో లాప్‌టాప్ అప్‌గ్రేడ్ అయిన పొద్దున నెట్ రాలేదు, హాల్‌టికెట్ల ప్రింట్ల కోసం పిల్లలు మెట్ల మీద నిలబడ్డారు, నాన్న వాళ్లను పక్కవీధి షాపుకి పంపేశారు. చదివి చాలాసేపు కాగితం పక్కన పెట్టేశాను. వ్యాసమంతా అక్కడే ఉందమ్మా. ఆ పొద్దున స్క్రీన్ మీద ఏం కనిపించింది? పైన కుడిమూలన వైఫై గుర్తు ఉందా, అసలు మాయమైందా? సెట్టింగ్స్‌లో ‘వైఫై అడాప్టర్ దొరకలేదు’ అన్నదా, లేక చుట్టుపక్కల రౌటర్ల పేర్లన్నీ కనిపించి పాస్‌వర్డ్ దగ్గర ఆగిందా? ఇవి వేర్వేరు జబ్బులు. నీ వ్యాసంలో అన్నింటికీ ఒకే మందు ఉంది. పల్లెల్లో కొందరు ఆర్‌ఎంపీలు మనిషి గుమ్మంలోకి రాగానే సూది వేసేస్తారే, నీ ఏడు కమాండ్లూ అలా ఉన్నాయి.

నేను ఇన్నేళ్లుగా పట్టుకు వేలాడుతున్నది ఒక్కటే. చూడమని చెప్పకుండా మార్చమని చెప్పకూడదు. మనం రాసే ప్రతి కమాండ్‌కీ ముందు అది కంప్యూటర్ని ఏం అడుగుతోందో ఉండాలి, తర్వాత ఏ జవాబు వస్తే ఎటు వెళ్లాలో ఉండాలి. ఆ రెండూ రాయలేకపోతే ఆ కమాండ్ మనకే అర్థం కాలేదన్నమాట. అర్థం కాని కమాండ్‌ను పక్కవాడి మెషీన్ మీద, అందులోనూ సుడో పెట్టి, కొట్టించే హక్కు మనకు లేదు.

ఎలా రాయాలో ఒకటి చూపిస్తాను. ‘ఎల్ఎస్‌పీసీఐ’ కమాండ్‌కి ‘హైఫన్ ఎన్ఎన్‌కే’ తగిలించి కొడితే మెషీన్‌లో ఉన్న కార్డులన్నీ వరసగా వస్తాయి. అందులో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అన్న లైను వెతకమను. దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అని ఉంటే (కెర్నల్ అంటే ఓఎస్‌కి గుండెకాయ) కార్డుకి డ్రైవర్ దొరికినట్టే, గొడవ ఇంకెక్కడో ఉంది. ఆ మాట లేకుండా కార్డు పేరు మాత్రమే ఉంటే, కార్డు బతికే ఉంది గానీ దాన్ని నడిపేవాడు రాలేదు. అసలు ఆ లైనే లేకపోతే బయోస్‌లో, అంటే ఓఎస్ కంటే ముందు లేచే సెట్టింగుల్లో, వైర్‌లెస్ ఆపేసి ఉందేమో చూడాలి, కార్డు వదులైందేమో విప్పి చూడాలి, యూఎస్‌బీ రకం అడాప్టర్ అయితే ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’లో వెతకాలి. ఒక్క ప్రశ్నతో దారి మూడు పాయలైంది చూశావా? అందులో ఏదీ మెషీన్‌లో ఒక్క అక్షరం మార్చలేదు.

రెండో ప్రశ్న ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’, వైర్‌లెస్‌ని ఏదైనా ఆపి ఉంచిందా అని అడగడం. ‘సాఫ్ట్ బ్లాక్డ్’ దగ్గర ‘యెస్’ ఉంటే కమాండ్‌తోనే తీసేయొచ్చు. ‘హార్డ్ బ్లాక్డ్’ దగ్గర ఉంటే ఎన్ని కమాండ్లు కొట్టినా కదలదు, మెషీన్ పక్కన ఉన్న స్విచ్చో, ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కే విమానం బొమ్మ మీటో చూసుకోవాలి. మూడోది కెర్నల్ లాగ్. ఆ లాగ్ చూపించే ‘డీమెసేజ్’లో ఐడబ్ల్యుఎల్‌వైఫై (ఇంటెల్ వైఫై డ్రైవర్) పక్కన ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) లోడ్ కాలేదనీ, చివర మైనస్ 2 అనీ ఉంటే ఆ ఫైలే అక్కడ లేదని అర్థం. ఉబుంటులో ఇంటెల్ కార్డులకి ఆ ఫైళ్లు లైనక్స్‌ఫర్మ్‌వేర్ ప్యాకేజీలోంచి వస్తాయి. ఉబుంటుకి మూలమైన డెబియన్ వాడేవాళ్లకు ఇక్కడే ఒక ప్రత్యేకమైన గుంట ఉంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఫర్మ్‌వేర్‌ని ‘నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్’ అనే వేరే విభాగంలోకి మార్చారు. 11 నుంచి వచ్చినవాళ్లు, ప్యాకేజీలు ఎక్కణ్ణుంచి తేవాలో రాసి ఉండే సోర్సెస్ లిస్ట్‌లో ఆ మాట చేర్చుకోకపోతే వాళ్ల ఫర్మ్‌వేర్‌కి కొత్త వెర్షన్లు రావు.

ఇప్పుడు మీ నాన్నగారి లాప్‌టాప్. అది బ్రాడ్‌కామ్ కార్డు అని ఒకచోట రాశావు, ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారారని ఇంకోచోట రాశావు. ఈ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి ఉంటే వ్యాసం దానంతటదే నడిచేది. 22.04 మొదట 5.15 కెర్నల్‌తో వచ్చింది, 24.04 వచ్చింది 6.8తో. చాలా బ్రాడ్‌కామ్ కార్డులకు వాడే ‘డబ్ల్యుఎల్’ డ్రైవర్ కెర్నల్‌లో భాగం కాదు. కంపెనీ ఇచ్చిన మూసిన ముక్కకి పైపొర కట్టి, డీకేఎంఎస్ అనే ఏర్పాటు ప్రతి కొత్త కెర్నల్ కోసం దాన్ని మళ్లీ కంపైల్ చేస్తుంది. కంపెనీ కొత్త వెర్షన్లు విడుదల చేయక చాలా ఏళ్లయింది, కెర్నల్ మారినప్పుడల్లా ఉబుంటు, డెబియన్ వాళ్లే ప్యాచ్‌లు వేసుకుంటూ లాక్కొస్తున్నారు. ఆ కంపైల్ తప్పినా, దానికి కావలసిన కెర్నల్ హెడర్ ఫైళ్లు లేకపోయినా, డ్రైవర్ పాతదై ప్యాచ్ పడకపోయినా, మర్నాడు బూట్ చేసేసరికి వైఫై ఉండదు. ‘డీకేఎంఎస్ స్టేటస్’ కొడితే ఆ కెర్నల్ నంబరు పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉందో లేదో తెలిసిపోతుంది. పీపీఏలోంచి, అంటే బయటివాళ్లు నడిపే ప్యాకేజీల నిల్వలోంచి, డ్రైవర్ తెచ్చుకున్నవాళ్ల సంగతి ఇంకోటి: రిలీజ్ అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు ఆ పీపీఏలన్నింటినీ ఉబుంటు ఆపేస్తుంది, మళ్లీ తెరుచుకునేదాకా అవి ఆగే ఉంటాయి.

దీనికంటే తేలికైన పరీక్ష ఉంది, నువ్వు అసలు చెప్పలేదు. బూట్ అయ్యేటప్పుడు, ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకోనిచ్చే గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి, అప్‌గ్రేడ్‌కి ముందున్న కెర్నల్ ఇంకా ఉంటే దాన్ని ఎంచుకోవడం. దాంతో వైఫై వస్తే కార్డు మంచిదే, రౌటర్ మంచిదే, పాస్‌వర్డ్ మంచిదే, గొడవంతా కొత్త కెర్నల్‌కీ డ్రైవర్‌కీ మధ్యే. పైగా ఆ పొద్దుటికి షాపు నడుస్తుంది. పిల్లల హాల్‌టికెట్లు వస్తాయి. మరమ్మతు సాయంత్రం తీరిగ్గా చేసుకోవచ్చు.

సంతకం లేని డ్రైవర్లను లోడ్ కానివ్వని సెక్యూర్ బూట్ గురించి నువ్వు ‘బయోస్‌లో ఆపేయండి’ అని మూడు మాటల్లో తేల్చేశావు. ఇక్కడ ఆగి రాయాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. డబ్ల్యుఎల్ డ్రైవర్ మీ మెషీన్‌లోనే తయారవుతుంది కాబట్టి దాని మీద సంతకం కూడా మీ మెషీన్ తాళంచెవితోనే పడాలి. అందుకని ప్యాకేజీ ఎక్కేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది. రీబూట్ చేయగానే నీలం తెర ఒకటి వస్తుంది, పది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కమంటుంది. నొక్కితే ‘ఎన్‌రోల్ మోక్’ (ఆ తాళంచెవిని నమోదు చేయడం) అనే లైను ఉంటుంది, అందులోకి వెళ్లి ఇందాకటి పాస్‌వర్డ్ కొట్టాలి. నీలం తెర చూడగానే మనవాళ్లకి విండోస్ క్రాష్ గుర్తొస్తుంది, కంగారుపడి ‘కంటిన్యూ బూట్’ నొక్కేస్తారు. లేదా టీ తాగడానికి వెళ్తారు, పది సెకన్లూ గడిచిపోతాయి. తర్వాత డ్రైవర్ ఉన్నా లోడ్ కాదు, ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అంటుంది. ఆ తెర ఎలా ఉంటుందో, ఏ లైను నొక్కాలో, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పెట్టుకోమనీ ముందుగా చెప్పడం మన పని. అందరి చేతా తాళమే తీసి పారేయించడం మన పని కాదు.

ఇంత రాస్తే పేజీలో పట్టదంటావు. పట్టదనే నాకూ చెప్పారు. ఒక పత్రికలో నేను కంప్యూటర్ శీర్షిక రాసే రోజుల్లో అక్కడి సంపాదకుడికి ‘అయిదు చిట్కాలు’ అన్న మాట మీద విపరీతమైన మోజు. ఏం రాసిచ్చినా అయిదుకి కత్తిరించేవాడు. కత్తిరించేది ఎప్పుడూ ‘ఇలా కనిపిస్తే అటు వెళ్లండి’ అన్న భాగాన్నే, కమాండ్లు మాత్రం ఉంచేవాడు. ఎన్‌డీఐఎస్ ర్యాపర్ అని, విండోస్ డ్రైవర్‌ని లైనక్స్‌లో నడిపించే ఏర్పాటు ఉండేది. ఇప్పటివాళ్లకు దాని పేరు కూడా తెలియదు. దాని గురించి రాయడానికి నేను ఏలూరు రోడ్డులో ఒక నెట్ సెంటర్‌కి పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగేవాణ్ణి. ఇంట్లో నెట్ లేదు, ఆ కార్డుకి డ్రైవర్ లేదు. ప్యాకేజీ ఒకటి దించుకుని ఇంటికొస్తే అది ఇంకో ప్యాకేజీ అడిగేది, మళ్లీ సెంటర్‌కి నడక. నెట్ లేనివాడి అవస్థ నాకు అక్కడే ఒంటబట్టింది.

ఆ వ్యాసం అచ్చయ్యాక చూస్తే కమాండ్లన్నీ తెలుగు ముక్కలై ఉన్నాయి. అప్పట్లో డీటీపీలో వాడేవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు వంకరలు ఉండేవి. ఆపరేటర్ ఆ లైన్లకు ఫాంట్ మార్చడం మరిచిపోతే ఇంగ్లిష్ కమాండ్ కాస్తా గుణింతాల కుప్ప అయ్యేది. ప్రూఫు చూపించమని బతిమాలాను, ‘టెక్నికల్ పేజీకి ప్రూఫు ఎందుకండీ’ అన్నారు. పాఠకులు ఇన్‌లాండ్ లెటర్లలో ఆ కుప్పని చేత్తో దించి మరీ ‘ఇది ఎలా టైప్ చేయాలి సార్’ అని అడిగారు. ఆ ఉత్తరాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. వాళ్లకు ఒక్కొక్కరికీ జవాబు రాశాను, ఆ పత్రిక ఏనాడూ సవరణ వేయలేదు. ఇవాళ యూనికోడ్ వచ్చినా అచ్చులో రెండు హైఫన్లు కలిసిపోయి పొడుగు గీత అవుతూనే ఉన్నాయి. నీ వ్యాసం ఎక్కడ వేసినా కమాండ్లను నీ కళ్లతో చూసేదాకా ఒప్పుకోకు.

ఇప్పటి జాడ్యం వేరు. ఎక్కడో ఎప్పుడో ఎవరో ఇచ్చిన జవాబును తెచ్చి తేదీ చూడకుండా అతికిస్తున్నారు. నీ రెండో కమాండ్ అలా వచ్చిందే. సర్వీస్ పేరు నెట్‌వర్క్, హైఫన్, మేనేజర్ అని చిన్నక్షరాల్లో రాశావు. అది పాత ఉబుంటు పేరు. ఇప్పుడు రెండు మాటలూ కలిపి, ఎన్, ఎం పెద్దక్షరాలతో కొట్టాలి, లేకపోతే అలాంటి యూనిట్ లేదంటుంది. నెట్‌వర్క్ వివరాలు చూపించే ‘ఐఎఫ్‌కాన్ఫిగ్’ కూడా అంతే, 18.04 నుంచీ మామూలు ఇన్‌స్టాలేషన్‌లో అది రావడం లేదు. నువ్వు 24.04 మెషీన్ మీద ఆ రెండూ కొట్టి చూసి ఉంటే రాసేదానివి కాదు. కొట్టి చూడని కమాండ్ రాయకు.

చివర్న ‘అయినా రాకపోతే ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోండి’ అన్న వాక్యం కొట్టేయి. మీ నాన్నగారి లాప్‌టాప్‌లో జనం స్కాన్ చేయించుకున్న సర్టిఫికెట్లు ఎన్ని ఉంటాయో నాకంటే నీకే తెలుసు. బ్యాకప్ మాట ఎత్తకుండా ఆ వాక్యం రాయడం ప్రమాదం. పైగా డ్రైవర్‌ని కెర్నల్ తోసిపుచ్చుతుంటే, కొత్తగా ఎక్కించిన ఓఎస్‌లోనూ అదే కెర్నల్, అదే గొడవ.

విండోస్‌ని కూడా కలపాలా అని అడిగావు. వద్దు, అది వేరే వ్యాసం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి 11కి మారి ఇదే ఇబ్బంది పడేవాళ్లు చాలామందే ఉంటారు, తప్పకుండా రాయి. అక్కడ కూడా ‘నెట్‌వర్క్ రీసెట్’ని ముందు పెట్టకు, దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి. డివైజ్ మేనేజర్‌లో ‘రోల్‌బ్యాక్ డ్రైవర్’ వెలుగుతోందో లేదో చూడమనడం ముందు.

తిరగరాసేటప్పుడు మీ షాపు నుంచే మొదలుపెట్టు. నాన్నగారిని అడిగి, ఆ పొద్దున తెర మీద ఏ గుర్తు ఉందో, ఏ మాట వచ్చిందో ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఆ లాప్‌టాప్‌లో పాత కెర్నల్ ఇంకా ఉంటే దాంతో ఒకసారి, కొత్తదాంతో ఒకసారి బూట్ చేసి, రెండింటిలోనూ ‘ఎల్ఎస్‌పీసీఐ’ చూపించినదాన్ని నాకు పంపు. బ్రాడ్‌కామ్ అన్నావు గానీ నంబరు రాయలేదు. 4తో మొదలయ్యే ఆ నంబరు తెలిస్తే దానికి డబ్ల్యుఎల్ కావాలో, కెర్నల్‌లోనే ఉన్న బీ43 డ్రైవర్ సరిపోతుందో చెప్పగలను. షాపులో పరీక్షల రద్దీ తగ్గాకే చెయ్యి, పని వేళల్లో ఆ మెషీన్ జోలికి వెళ్లకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు