తండ్రిలా ఉంటానన్న రాజుకు

చిరంజీవి రాజుకు ఆశీస్సులు.

గురుకులంలో పీఈటీగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం పట్టలేక వీధిలో కనబడిన వాళ్ళందరికీ చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. "హాస్టల్ పిల్లలు కదా, వాళ్ళకి తండ్రిలా ఉంటాను" అన్నావటగా. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

ముందు మామూలు సంగతులు. పిల్లలకంటే ముందే గ్రౌండ్‌లో ఉండు. నీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు లేకుండా ఎండలో ఆట మొదలుపెట్టకు. ఆడపిల్లల టీమ్‌ను ఊరు దాటించాలంటే వెంట మేడమ్ ఉండాల్సిందే, ఎవరేమన్నా సరే. ఏ పిల్లాడితోనైనా తలుపు మూసుకుని మాట్లాడకు.

దెబ్బల విషయం మాత్రం గట్టిగానే చెప్తాను. టీమ్‌లోంచి తీసేస్తారని పిల్లలు నొప్పి దాస్తారు. అడిగితే చెప్పరు, మెట్లు దిగేటప్పుడు చూడు, తెలిసిపోతుంది. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? జోనల్ మ్యాచ్ ముందురోజు వాచిన మోకాలిని లుంగీ కింద దాచావు. ఆరోజు తిట్టిన తిట్లు ఇప్పటికీ వెనక్కి తీసుకోను. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మన జర్నైల్ సింగ్ తలకు కుట్లతోనే ఫైనల్ ఆడి గోల్ కొట్టాడని వాళ్ళకి కథ చెప్తావు, నాకు తెలుసు, నీకు చెప్పింది నేనేగా. చెప్పు. కానీ ఆయన అప్పటికే దేశానికి ఆడుతున్న పెద్దవాడు, నీ పిల్లలు ఎనిమిదో తరగతి. తలకు దెబ్బ తగిలిన పిల్లాణ్ణి ఆరోజు మళ్ళీ ఆడించావని తెలిస్తే నేనే బస్సెక్కి వస్తాను.

ఇక తండ్రి సంగతి.

నా చిన్నప్పుడు మా దగ్గర ఒక సార్ ఉండేవాడు. పేరెందుకులే, పోయాడు పాపం. మంచివాడు. మా టీమ్‌లో లెఫ్ట్ వింగ్ ఆడే ఒకడంటే ఆయనకు ప్రాణం. వాడి నాన్న మోండా మార్కెట్‌లో హమాలీ. సార్ వాడికి బూట్లు కొన్నాడు, ఇంట్లో కూర్చోబెట్టి గుడ్లు పెట్టాడు, ఫీజు కట్టాడు. రానురాను "నా కొడుకు" అనడం మొదలుపెట్టాడు. ఫైనల్ రోజు ఆ నాన్న పని మానుకుని వచ్చాడు. భుజం మీద తుండు, చేతిలో న్యూస్‌పేపర్‌లో చుట్టిన చేగోడీలు, కాగితమంతా నూనె. సార్ గేటు దగ్గరే ఆపేశాడు. "ఇప్పుడొద్దు, పిల్లాడికి టెన్షన్ అవుతుంది, ఆట అయ్యాక చూద్దువు" అన్నాడు. ఆయన ఎదురు మాట్లాడలేదు. గోల్ వెనక జనంలో నిలబడి చూసి, కప్పు ఇచ్చే వేళకు వెళ్ళిపోయాడు. చేగోడీల పొట్లం వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్ళాడు.

రాత్రి ఆ పొట్లం చేతికొచ్చాక వాడికి సంగతి తెలిసింది. మర్నాడు బూట్లు తమ్ముడితో తిరిగి పంపాడు. మళ్ళీ గ్రౌండ్‌కి రాలేదు. "ఏం తక్కువ చేశాను వాడికి?" అని సార్ చాలాకాలం మమ్మల్నే అడిగేవాడు. మేం చెప్పలేకపోయాం, చిన్నవాళ్ళం.

అందుకే మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ గురించి పెద్దవాళ్ళు చెప్పుకునేదాంట్లో నాకు కప్పులకంటే ఒక చిన్న సంగతే ఎక్కువ నచ్చుతుంది. కప్పులకేం, ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ కొట్టింది. అమ్ముగూడ కుర్రాడు బలరాంకి ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేకపోతే సైకిల్ అద్దె ఆయనే ఇచ్చేవాడట. అడ్డం పడింది సైకిల్ అద్దె, తీర్చింది అదే. ఆ బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు, మనకు నాలుగో స్థానం వచ్చింది. రహీం సాబ్ కూడా బడిపంతులేరా, నీలాగే.

కాబట్టి నెలకోసారి ఇంటివాళ్ళు వచ్చే రోజున మ్యాచ్ పెట్టు. అమ్మానాన్నల్ని గీత పక్కనే కూర్చోబెట్టు. పిల్లాడు బాగా ఆడితే వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి నువ్వే చెప్పు, గొర్రెలు కాసేవాడైనా, ఆటో నడిపేవాడైనా. నాన్న లేని పిల్లలూ ఉంటారు. వాళ్ళ దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చో, కానీ నాన్నా అని పిలవమనకు. పిలిస్తే పలుకు.

మీ నాన్న పోయినప్పుడు నువ్వు నా దగ్గరికొచ్చి ఏమీ మాట్లాడకుండా బంతులకు గాలి కొట్టుకుంటూ కూర్చున్నావు. నాకూ ఏం అనాలో తెలియక పంపు అందిస్తూ ఉన్నాను.

అన్నట్టు, స్కూల్లో ఇచ్చే పంపులకు సూదులు నిలవవు. నా దగ్గర డజను ఉన్నాయి, మీ అమ్మతో పంపిస్తున్నాను. పెట్టేముందు సూదిని తడుపు, లేకపోతే బంతి పాడవుతుంది. జీతం రాగానే ముందు మీ అమ్మకు చీర కొను, నాకేం వద్దు.

మీ సార్