ముందు మీ కార్డుది ఎన్ని రూపాయల వడ్డీనో చెప్పండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్రెడిట్ కార్డుల మీదే ఉన్నాయి, అందుకే వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తా ఉన్నా. మొదటి ఉత్తరం కాస్త పొడుగు, జవాబు ఇంకా పొడుగు, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: సార్, మాది అనంతపురం. మా ఆయన ప్రైవేట్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు, నేను ఇంట్లో జాకెట్లు కుడతా. రెండేళ్ల కింద పాపకు బాగలేనప్పుడు ఆసుపత్రికి, ఆ తర్వాత ఫ్రిజ్‌కు కార్డు గీకినాము. ఇప్పుడు బాకీ 80,000 ఉంది. నెలకు 4,000 కడతానే ఉన్నాం, ఒక్క నెల కూడా తప్పలేదు, అయినా బాకీ అట్లే ఉంది. మా మామ ఏమో ఆ కార్డు కత్తిరించి పారేయండి, మేము చేతిలో ఉంటే కొన్నాం లేకుంటే మానుకున్నాం అని రోజూ అంటాడు. మా ఆయన ఏమో కార్డు లేకుంటే అర్ధరాత్రి అవసరం వస్తే ఎవరిస్తారు అంటాడు. నా దగ్గర మా అమ్మ పెట్టిన మూడు తులాల సరుడు ఉంది, అది కుదువ పెట్టి తీర్చేద్దామా? ఎవరి మాట వినాల?
(ఒక సోదరి, అనంతపురం)

జవాబు: అమ్మా, ఎవరి మాట వినాలో తర్వాత చూద్దాం. ముందు మీ బిల్లు కాగితం తీసి అందులో వడ్డీ ఎంత వేసినారో చూడండి. చాలా కార్డులకు నెలకు మూడున్నర శాతం ఉంటుంది, కొన్నిటికి ఇంకా కొంచెం ఎక్కువే. మూడున్నర శాతం అంటే చిన్నగా వినపడుతుంది. దాన్నే మన ఊరి లెక్కలో చెప్పండి, నూటికి నెలకు మూడున్నర రూపాయల వడ్డీ. ఇప్పుడు ఎట్లుంది?

మాది తాడిపత్రి పక్కన పల్లె. మా అమ్మకు సంతకం కూడా రాదు కానీ వడ్డీ లెక్క మాత్రం నోటి మీదనే చెప్పేది. బుడ్డల (వేరుశనగ) విత్తనాలకు దుడ్లు కావాల్సి వస్తే రూపాయిన్నర వడ్డీకి తెచ్చేది, రెండు రూపాయలంటే ఆలోచించేది, మూడు రూపాయల వడ్డీ అడిగేవాడి గడప తొక్కొద్దని నాన్నకు గట్టిగా చెప్పేది. అట్లాంటి తల్లి కడుపున పుట్టి, ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్న నేను కూడా కార్డు తీసుకొని వాషింగ్ మెషిన్ కొని ఏడు నెలలు మినిమమ్ డ్యూ, అంటే ఈ నెలకు కనీసం ఇంత కట్టమని బిల్లులో అడిగేది, అది మాత్రమే కట్టుకుంటా పోయినా. ఎందుకంటే బిల్లులో శాతం అని ఉంది, రూపాయల వడ్డీ అని లేదు. ఒక రాత్రి మా అమ్మ లెక్కలో వేసి చూసుకుంటే అప్పుడు భయం పుట్టింది, మరుసటి రోజే పీఎఫ్ లోను పెట్టి కట్టేసినా.

మీ లెక్క చూద్దాం. 80,000 మీద మూడున్నర రూపాయల వడ్డీ అంటే నెలకు 2,800. ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ, 504. రెండూ కలిపి 3,304. మీరు కట్టేది 4,000. అంటే మీరు రాత్రి పొద్దుపోయేదాకా మిషన్ తొక్కి తెచ్చిన దుడ్లలో అసలుకు పోయేది 696 రూపాయలు. ఇంకేం కొనకుండా, ప్రతి నెలా సరిగ్గా 4,000 కట్టుకుంటా పోయినా ఏడాదిలో మీ చేతి నుంచి పోయేది 48,000, అసలు తగ్గేది పదివేల ఐదొందలు. ఇట్లే పోతే అప్పు తీరేదానికి 44 నెలలు పడుతుంది. పైగా మినిమమ్ డ్యూ అనేది బాకీతో పాటే తగ్గుతుంది కాబట్టి వాళ్ళు అడిగినంతే కడితే ఇంకా ఎన్నేళ్లో. మీరు ఒక్క నెల కూడా తప్పలేదన్నారు, నిజంగా మెచ్చుకోవాల్సిందే, తప్పు మీది కాదు, ఆ లెక్కే అట్లాంటిది.

ఈ వడ్డీకి పై హద్దు ఏమీ లేదా అని అడగొచ్చు. 2008 లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏడాదికి 30 శాతం దాటి వేయకూడదు అని చెప్పింది, 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కాబట్టి పైనుంచి ఎవరో వచ్చి తగ్గిస్తారని ఎదురు చూడొద్దు.

ఇప్పుడు సరుడు మాట. బంగారం కుదువ పెట్టడమంటే మన ఇళ్లల్లో పరువు తక్కువ అనుకుంటారు, ఆడబిడ్డకు పుట్టింటి వాళ్ళు పెట్టింది తీయకూడదు అంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, కౌంటర్ ముందు నిలబడి మెడలోది తీసేటప్పుడు ఎంతమంది కళ్ళు తుడుచుకునింది చూసినానో నాకే తెలుసు. అయినా పెట్టమనే చెబుతా. బ్యాంకులో గోల్డ్ లోన్ ఏడాదికి 9 శాతం దగ్గర దొరికితే నూటికి నెలకు ముప్పావలా వడ్డీ. డ్వాక్రా సంఘంలో ఉన్నోళ్లకు పావలా వడ్డీ అంటే తెలుసు కదా, దానికి మూడింతలు, అంతే. కార్డుది జీఎస్టీతో కలిపి నాలుగు రూపాయలు దాటింది. 80,000 కు ముప్పావలా అంటే మొదటి నెల వడ్డీ 600. అదే 4,000 కట్టుకుంటా పోతే 22 నెలల్లో అప్పు తీరి సరుడు ఇంటికొస్తుంది. ఏడాది అయినాక బ్యాంకు వాళ్ళు లెక్క తేల్చి తిరగరాయించుకోమంటారు, అప్పటికి బాకీ 37,500 దగ్గరికి వచ్చేసి ఉంటుంది కాబట్టి భయం లేదు.

కానీ మూడు జాగ్రత్తలు అమ్మా. లోన్ మీ పేరు మీదే ఉండాల, రసీదు మీ బీరువాలోనే ఉండాల. అప్రైజరు గీటురాయి మీద గీసి, తూకం వేసి, మీకు ఇంకా ఎక్కువ వస్తుందమ్మా, తీసుకోండి అంటాడు. ఎంత వస్తుందన్నా సరే 80,000 దాటి ఒక్క రూపాయి తీసుకోవద్దు. అన్నిటికంటే ముఖ్యమైనది, బాకీ కట్టేసిన రోజు ఆ కార్డు మళ్ళీ 80,000 లిమిట్‌తో కళకళలాడతా ఉంటుంది, ఆ నెలలోనే ఏదో ఒక అవసరం వస్తుంది, గీకినారంటే సరుడూ పోయి కార్డు బాకీ కూడా మళ్ళీ మొదలు. ఇట్లా రెండు పక్కలా ఇరుక్కున్న కుటుంబాలను చాలానే చూసినా. అందుకే మీ మామ చెప్పింది ఈ ఒక్క విషయంలో అక్షరాలా చేయండి, కార్డు మూసేయించండి.

మీ ఆయన అడిగిన మాట కూడా కొట్టిపారేసేది కాదు, అర్ధరాత్రి ఆసుపత్రి అంటే ఎవరికైనా భయమే. దానికి జవాబు కార్డు కాదు. లోన్ తీరినాక కూడా అదే 4,000 ఒక ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేసుకుంటా పోండి, ఏడాదికి 48,000 చేతిలో ఉంటుంది. బంగారం మీద అసలు మనసు ఒప్పకపోతే ఇంకో దారి, కార్డు బ్యాంకుకే ఫోన్ చేసి బాకీ మొత్తం ఈఎంఐ చేయమనండి. ఏడాదికి ఎంత శాతమో అడిగి పన్నెండుతో భాగించండి, రూపాయిన్నర లోపల వస్తే ఒప్పుకోండి, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో కూడా ముందే అడగండి.

ప్రశ్న: సార్, మాది ఆదోని, నేను కర్నూలులో ఉద్యోగం. నాన్నకు కిరాణా అంగడి, జీవితంలో అప్పు చేయలేదు, అంతా నగదే. నేనూ అట్లే ఉన్నా. ఇప్పుడు బైక్ లోన్‌కు పోతే సిబిల్‌లో (ఎవరు అప్పులు ఎట్లా కట్టినారో రాసి ఉంచే సంస్థ) మీకు హిస్టరీనే లేదన్నారు. ఫ్రెండ్స్ అందరూ కార్డు తీసుకో అంటున్నారు, నాన్న వద్దంటున్నాడు. అప్పు చేయకపోవడమే తప్పయిందా సార్?
(ఒక యువకుడు, కర్నూలు)

జవాబు: తప్పు కాదు నాయనా, మీ నాన్న ముప్పై నలభై ఏళ్లు అంగడి నడిపి ఎవరికీ బాకీ లేకుండా ఉన్నాడంటే అది మామూలు విషయం కాదు, ముందు ఆయనకు నా నమస్కారం చెప్పు. మొదటిసారి లోన్ అడిగేవాళ్ళను హిస్టరీ లేదనే ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని ఆర్‌బీఐ 2025 జనవరి ఆదేశాల్లో ఉంది, ఆ మాట మేనేజర్‌ని మర్యాదగా అడుగు, శాలరీ స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు చూపించు.

ఇంకో మాట. అప్పు లేకుండా బతకడం వేరే, నగదుతో బతకడం వేరే. ఈ రెండూ ఒకటే అనుకొని చాలామంది పెద్దోళ్ళు ఇబ్బంది పడినారు. 2016 నవంబర్‌లో నోట్ల రద్దు అప్పుడు మా పెద్దమ్మ బియ్యం డబ్బాలో దాచుకున్న ఐదొందల నోట్లు మూట కట్టుకొని వచ్చి మా బ్యాంకు క్యూలో రెండు రోజులు నిలబడింది, ఆమె ఎవరికీ రూపాయి బాకీ లేదు, అయినా ఆ తిప్పలు. నీ సేవింగ్స్ ఖాతాలో ఉన్న దుడ్లు ఫోన్‌పేలో కొట్టినా అది నీ సొంత దుడ్లే, నాన్న పద్ధతి తప్పినట్టు కాదు. నగదులో ఉన్న మంచి ఏందంటే, పర్సులో చివరి ఐదొందల నోటు తీసేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది. కార్డు గీకేటప్పుడు ఆగదు. ఇప్పుడు రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి లింక్ చేసుకోవచ్చు కాబట్టి ఉగ్గాని బజ్జీ బండి దగ్గర స్కాన్ చేసేది సొంత డబ్బో అప్పో కూడా గుర్తుండట్లేదు పిల్లలకు. నువ్వు కార్డు తీసుకుంటే ఈ ఒక్క పని మాత్రం చేయొద్దు, యూపీఐకి సేవింగ్స్ ఖాతానే ఉంచుకో.

కార్డు తీసుకోవాలనే అనుకుంటే, బ్యాంకులో ఒక చిన్న ఎఫ్‌డీ వేసి దాని మీద ఇచ్చే కార్డు తీసుకో. దాంతో పెట్రోలు ఒక్కటే కొట్టించు, వేరే ఏదీ వద్దు. మొదటి రోజే ఆటో పే పెట్టు, అక్కడ రెండు ఆప్షన్లు ఉంటాయి, మినిమమ్ డ్యూ, టోటల్ డ్యూ. టోటల్ పెట్టాల. ఇది మరిచిపోయి మినిమమ్ పెట్టుకొని, అన్నీ కట్టేస్తున్నాననే భ్రమలో ఉన్న ఇంజినీర్లను చూసినా. టోటల్ కడితే వడ్డీ లేని గడువు 45 నుంచి 50 రోజుల దాకా వస్తుంది. ఒక్క వెయ్యి బాకీ పెట్టినా ఆ గడువు పోతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది, ఆ తర్వాత కొత్తగా గీకినదానికి కూడా మొదటి రోజు నుంచే. ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి నగదు తీస్తే అసలు గడువే ఉండదు, ఫీజు వేరే. ఏడాదికోసారి సిబిల్ రిపోర్టు ఉచితంగా చూసుకోవచ్చు, చూసుకో. నాన్నకు కూడా చూపించు, ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేసినట్టు ఆయన కళ్ళతో చూస్తే కోపం తగ్గుతుంది.

ప్రశ్న: ప్రొద్దుటూరులో పాప పెళ్ళికి నగలు తీసుకుంటున్నాము, మూడు లక్షల పైనే అవుతుంది. నగదు ఇస్తామంటే వద్దంటున్నారు, కార్డు అయితే రెండు శాతం ఎక్కువ అంటున్నారు. ఏం చేయమంటారు?
(ఒక తండ్రి, జమ్మలమడుగు)

జవాబు: అంగడాయన నగదు వద్దనడం సరైనదే. ఒక మనిషి దగ్గర ఒకే కొనుగోలుకు రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని 2017 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది, తీసుకున్న వాళ్లకు అంతే మొత్తం జరిమానా. బిల్లులు ముక్కలు చేసి రాయిద్దామని ఎవరైనా చెబితే వినొద్దు. మూడు లక్షల మీద రెండు శాతం అంటే 6,000, కార్డు పాయింట్ల కోసం అంత పోగొట్టుకునేది ఎందుకు? మీ ఖాతా నుంచి ఆర్‌టీజీఎస్ చేయండి, లేదా చెక్కు ఇవ్వండి. పాన్ కార్డు తీసుకొని పోండి. బిల్లులో బంగారం బరువు, తరుగు, మజూరీ వేరువేరుగా రాయించుకోండి.

ప్రశ్న: కార్డు బాకీ మొత్తం కట్టేసినాను. మూసేయమంటే ఇంకో ఆఫర్ ఉంది మేడమ్ అని రెండు నెలలుగా తిప్పుతున్నారు. వదిలేస్తే వచ్చే ఏడాది యాన్యువల్ ఫీజు వేస్తారేమో అని భయంగా ఉంది.
(ఒక టీచరు, కడప)

జవాబు: వదిలేయొద్దు మేడమ్. ఫోన్లో మాట్లాడడం ఆపేసి ఈమెయిల్ పెట్టండి, కార్డు మూసేయమని ఒక్క ముక్క చాలు, కారణం చెప్పాల్సిన పని లేదు. 2022 జూలై నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ ఆదేశాల ప్రకారం బాకీ ఏమీ లేనప్పుడు ఏడు పనిదినాల్లో మూసేయాల, లేకుంటే ఆలస్యమైన ప్రతి రోజుకు 500 రూపాయలు మీకే ఇవ్వాల. ఈ మాట కూడా ఆ మెయిల్‌లోనే రాయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చు ఏమీ ఉండదు, అప్పుడు ఈ మెయిలే మీకు ఆధారం. పెట్టిన తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి, పనిదినాలు లెక్కేసేటప్పుడు ఆదివారాలు, రెండో శనివారం, నాలుగో శనివారం తీసేయండి.