రిపోర్టులో 70 శాతం అని ఉంటే స్టెంట్ వేయాల్సిందేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. మూడు వారాల కిందట కుడిచేయి పట్టు తప్పి, మాట తడబడి, పావుగంటలో మామూలైపోయారు. ఎంఆర్ఐతో పాటు తీసిన యాంజియోలో మెదడులో ఎడమవైపు రక్తనాళం 70 శాతం సన్నబడిందని రాశారు. స్టెంట్ వేయించమంటారా?

జవాబు: మీరు ఆ 70 అనే అంకె చూసి టెన్షన్ పడుతున్నారు, నాకు మాత్రం ఆ పావుగంట గురించే ఎక్కువ కంగారుగా ఉంది. ఎడమవైపు నాళానికి ఇబ్బంది వస్తే మామూలుగా దెబ్బతినేవి కుడిచేయి, మాటే కాబట్టి అది మినీ స్ట్రోక్ (కాసేపు వచ్చి దానంతటదే తగ్గిపోయే పక్షవాతం) అయి ఉండే అవకాశం ఎక్కువ. అదే 70 శాతం, తలనొప్పికని స్కాన్ తీయిస్తే అనుకోకుండా బయటపడి ఉంటే ముప్పు చాలా తక్కువ అని చెప్పేవాణ్ణి. లక్షణాలు కనిపించినవాళ్లలో అలా కాదు, మళ్లీ పక్షవాతం వచ్చే ప్రమాదం మొదటి రోజుల్లో, వారాల్లోనే ఎక్కువ.

సన్నబడిన చోట నాళం వెడల్పును, దగ్గర్లో బాగున్న చోటి వెడల్పుతో పోల్చి శాతం కడతారు. 50 లోపు స్వల్పం, 50 నుంచి 69 మధ్యస్థం, 70 నుంచి తీవ్రం. కానీ ఈ పెద్ద నాళం మొత్తం వెడల్పే సుమారు 3 మిల్లీమీటర్లు, అంటే 60 శాతానికీ 70కీ మధ్య తేడా 0.3 మిల్లీమీటరు! పైగా కాంట్రాస్ట్ ఇంజక్షన్ లేకుండా తీసే ఎంఆర్ యాంజియో ఉన్నదానికంటే ఎక్కువ సన్నబడినట్టు చూపించడం మామూలే. సీటీ యాంజియోతో సరిచూసుకోవచ్చు. డీఎస్ఏ అనే యాంజియో పరీక్ష అన్నిటికంటే కచ్చితమే గానీ సన్నని ట్యూబు రక్తనాళం లోపలికి పంపి చేసేది, దానికీ కొంత రిస్క్ ఉంది, అందరికీ అవసరం లేదు. ఆ భాగానికి పక్క నాళాల నుంచి రక్తం అందుతోందా, ఎంఆర్ఐలో కొత్తగా దెబ్బతిన్న మచ్చలున్నాయా అన్నవి కూడా న్యూరాలజిస్టును అడగండి, తీవ్రత తేల్చడంలో అవి చాలా ముఖ్యం.

స్టెంట్ విషయానికొస్తే, ముందుగా మందులే. 70 నుంచి 99 శాతం సన్నబడి, నెలలోపు స్ట్రోక్ లేదా మినీ స్ట్రోక్ వచ్చినవాళ్లతో అమెరికాలో చేసిన సాంప్రిస్ అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. నెల రోజుల్లో స్ట్రోక్ గానీ మరణం గానీ స్టెంట్ వేసినవాళ్లలో 14.7 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5.8 శాతం. మందులు సరిగ్గా వేసుకుంటున్నా మళ్లీ అలాగే జరిగితే అప్పుడు స్టెంట్ గురించి ఆలోచిస్తాం.

మందులంటే రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి సాధారణంగా 90 రోజులు, ఆ తర్వాత ఒకటే. దాంతో పాటు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్. చెడు కొలెస్ట్రాల్ 70 లోపు, పై బీపీ 140 లోపు ఉండాలి, అయితే బీపీ ఒక్కసారిగా పడిపోకూడదు. షుగర్ అదుపులో ఉండాలి, సిగరెట్, బీడీ ఏదున్నా పూర్తిగా మానాలి. ఇవన్నీ మొదలుపెట్టారో లేదో మీరు రాయలేదు. మొదలుపెట్టకపోతే అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగకండి, రేపే న్యూరాలజిస్టుకు చూపించండి. ఈలోగా మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా, తగ్గిపోతుందిలే అని కూర్చోకుండా సీటీ స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి, గడ్డ కరిగించే ఇంజక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు.