వారంలో ఇల్లు ఖాళీ చేయమంటే చేయాల్సిందేనా?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాదులో మూడేళ్లుగా ఉంటున్న ఇంటిని ఓనరు వారంలో ఖాళీ చేయమంటున్నాడు, నోటిమాటే తప్ప కాగితం ముక్క లేదు, అద్దెకుండేవాళ్లకి చట్టంలో దిక్కేమైనా ఉందా అని. ఉంది. కానీ మోటారు స్విచ్చి ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పైచేయి. ఆ సంగతి నాకు 2019 వేసవిలో తెలిసొచ్చింది.

సికింద్రాబాద్ అవతల ఒక కాలనీలో ఉండేవాళ్లం. కింద ఓనర్లు, మొదటి అంతస్తులో మేము, పైన రేకుల గదిలో ఇద్దరు బ్యాచిలర్లు. నెలకి పన్నెండు వేలు, మూడు నెలల అడ్వాన్సు. ఓనరు రిటైరైన మనిషి. నాలుగేళ్లు అంకుల్, ఆంటీ అనుకుంటూ, పండక్కి బొబ్బట్లు ఇచ్చిపుచ్చుకుంటూ గడిపాం. మే ఇరవయ్యో తారీకు సాయంత్రం నేను గేటు దగ్గర బండి పెడుతుంటే వచ్చి, "బాబూ, మా అమ్మాయి వాళ్లు అమెరికా నుంచి వచ్చేస్తున్నారు. నెలాఖరుకి మీరు వేరే ఇల్లు చూసుకోండి" అన్నాడు. అప్పటికే పాప స్కూలు ఫీజు కట్టేశాం. ఆ మాటే చెప్పాను. "మీ ఇష్టం. నేను చెప్పాల్సింది చెప్పాను" అని లోపలికి వెళ్లిపోయాడు.

అమ్మాయి రాలేదు. ఇప్పటికీ అక్కడే ఉందని విన్నాను. అసలు కారణం పక్క సందులో ఇంతే ఇల్లు పదహారు వేలకి వెళ్లడం. పెంచమని అడిగుంటే ఓ వెయ్యి, రెండు వేలు పెంచేవాణ్ణే. అడగరు. మొహమాటమట! వెళ్లగొట్టడానికి లేని మొహమాటం అడగడానికి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒకటో తారీకున అద్దె పంపితే సాయంత్రానికి తిరిగి నా ఖాతాలోకే వేశాడు. నాలుగో తారీకు పొద్దున కుళాయి తిప్పితే గాలి వచ్చింది. మెట్ల కింద మోటారు స్విచ్చికి ఒక చెక్క పెట్టె ఉండేది. దానికి కొత్త తాళం వేసి ఉంది. ఆంటీని అడిగితే, "మోటారు కాలిపోయింది నాయనా, మెకానిక్ ఊళ్లో లేడు" అంది. ఆవిడ వెనకాలే వాకిలి శుభ్రంగా కడిగి ముగ్గేసి ఉంది. తులసికోటలోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. అయిదు రోజులు ఇరవై లీటర్ల క్యాన్లు మోసుకుని బతికాం. పైనున్న బ్యాచిలర్లు స్నానానికి ఆఫీసుకే వెళ్లేవాళ్లు.

ఎదురింట్లో ఒక పెద్దాయన ఉండేవారు, ఒకప్పుడు కోర్టులో ప్రాక్టీసు చేసినాయన. క్యాన్లు మోయడం చూసి పిలిచి అడిగారు. "రాతలో నోటీసు ఇచ్చాడా? అగ్రిమెంటు ఎప్పుడు అయిపోయింది?" మాది మొదటి ఏడాది రాసుకున్న పదకొండు నెలల అగ్రిమెంటు. (ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ కావాలని జనం లెక్క. ఆ ఖర్చు తప్పించుకోడానికే అందరూ ఈ పదకొండు అంకె పట్టుకుంటారు.) తర్వాత తిరగరాయలేదు, అద్దె మాత్రం ఆయన తీసుకుంటూనే ఉన్నాడు. అలా తీసుకుంటే అది నెల నెలా సాగే కిరాయి కిందికి వస్తుందట. దాన్ని రద్దు చేయాలంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం సంతకంతో, రాతపూర్వకంగా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ పదిహేను రోజులూ అయిపోయినా సామాను బయట పెట్టే హక్కు ఓనరుకి రాదు, కోర్టులో దావా వేయాల్సిందే. కోర్టు దాకా వెళ్లకుండా తాళం మార్చి బయటికి గెంటితే, ఆర్నెల్లలోపు మనం దావా వేసి ఇల్లు తిరిగి తీసుకోవచ్చు. నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ అదే.

"మరి రెంట్ కంట్రోలర్ అంటారు కదా సార్?" అన్నాను. ఆయన నవ్వారు. హైదరాబాదుకి 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టం ఒకటుంది, దాని కింద కేసులు వినే అధికారే రెంట్ కంట్రోలర్. మంచి చట్టమే. అద్దె ఎగ్గొడితేనో, చెప్పకుండా ఇంకొకరికి కిరాయికి ఇస్తేనో, ఓనరుకి నిజంగా ఇల్లు అవసరమైతేనో, అలాంటి కారణాలుంటేనే ఖాళీ చేయించాలి. నీళ్లూ కరెంటూ కట్ చేయకూడదని కూడా అందులో ఉంది. అయితే 2005లో చేసిన సవరణతో కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇళ్లని దాన్నుంచి తీసేశారు. కట్టి పదిహేనేళ్లు నిండని బిల్డింగులకీ వర్తించదు. మూడున్నర వేలకి ఈ ఊళ్లో ఇప్పుడు బండి పెట్టుకునే చోటు దొరికితే గొప్ప. అంటే చట్టం పుస్తకంలో ఉంది, మనం పుస్తకం బయట ఉన్నాం.

మరి దాని లోపల ఉన్నదెవరంటే, మా బాబాయికి సికింద్రాబాదులో ఒక మల్గీ, అంటే షాపు గది, ఉంది. ముప్ఫై ఏళ్ల నుంచి ఒకాయనే ఉంటున్నాడు, నెలకి రెండు వేల చిల్లర. లోపల వ్యాపారం బ్రహ్మాండం. ఖాళీ చేయమని బాబాయి రెంట్ కంట్రోలర్ దగ్గర కేసు వేసి గెలిచాడు, అవతలాయన అప్పీలుకి వెళ్లాడు, అక్కడా ఓడి హైకోర్టులో రివిజన్ వేశాడు. బాబాయి మోకాళ్లు అరిగిపోయాయి గానీ మల్గీ తాళం చేతికి రాలేదు. చిన్నపిల్లతో ఉన్న నాకు దొరకని రక్షణ ఆ సేటుకి దొరికింది. ఓనర్లు నోటీసులు మానేసి మోటార్లు ఎందుకు కట్టేస్తారో బాబాయిని చూస్తే అర్థమవుతుంది. అది ఒప్పని నేననను.

సరే, మా కథ. అయిదో రోజు పోలీసులకి చెప్పాను. "ఇది సివిల్ మ్యాటర్, మేం జోక్యం చేసుకోం" అన్నారు. నీళ్ల సంగతి, పాప సంగతి చెబితే ఒకాయన మాత్రం ఓనరుకి ఫోన్ చేసి, "ఖాళీ చేయించుకోవాలంటే కోర్టుకి పోండి, నీళ్లు ఆపితే ఎట్లా పెద్దాయనా" అన్నాడు. నేను ఇంటికి చేరేసరికి కాలిపోయిన మోటారు తిరుగుతోంది. అసలు గడువు మాత్రం కోర్టు వల్లో పోలీసుల వల్లో రాలేదు, పంచాంగం వల్ల వచ్చింది. జులైలో ఆషాఢం. ఆషాఢంలో ఇల్లు మారకూడదని ఆంటీకే గట్టి పట్టింపు. చట్టం పదిహేను రోజులిస్తే ఆషాఢం నెల ఇచ్చింది. శ్రావణంలో ఖాళీ చేస్తామని రాసిచ్చి, అలాగే చేశాం.

వెళ్లే రోజు అడ్వాన్సు లెక్క. పెయింటింగ్‌కని ఒక నెల అద్దె కోత, అది ఈ ఊరి ఆచారం అనుకోండి. దాని మీద ఆంటీ సుద్దముక్క పట్టుకుని గోడల మీద మేకు కన్నం ఉన్న ప్రతిచోటా గుండ్రంగా చుట్టింది. ఇరవై మూడు. కన్నానికి రెండొందల చొప్పున నాలుగు వేల ఆరొందలు! మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఫోన్ తీసి, ఆ ఇంట్లో పాలు పొంగించిన రోజు హాల్లో దిగిన ఫోటోలు చూపించింది. వెనక గోడ మీద పాత మేకులు, ఒకదానికి పాతవాళ్ల క్యాలెండర్ కూడా. కన్నాల డబ్బులు తిరిగొచ్చాయి. పెయింటింగ్ పన్నెండు వేలు మాత్రం రాలేదు.

ఆంధ్రలో 2017లోనే ఇళ్లకీ షాపులకీ కలిపి కొత్త కిరాయి చట్టం చేసుకున్నారు. 2021 జూన్‌లో కేంద్రం కూడా ఒక నమూనా చట్టానికి ఆమోదం తెలిపింది. ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదు, నీళ్లు కరెంటు ఆపకూడదు, గడువు దాటి కూర్చుంటే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ పైన నాలుగింతలు అద్దె. ఇద్దరికీ న్యాయంగానే ఉంది. కాకపోతే రాష్ట్రాలు తీసుకుంటేనే అది అమలవుతుంది. "వెజిటేరియన్ ఫ్యామిలీ ఓన్లీ" బోర్డుకి, పురుడు ఇక్కడ పోయొద్దు అనేవాళ్లకి ఏ చట్టమూ మందు కాదనుకోండి, అది వేరే ఏడుపు.

మీ విషయానికొస్తే, వారం అన్నది చెల్లదు. గొడవ పడకండి, అద్దె మాత్రం ఆపకండి. తీసుకోకపోతే పంపినట్టూ తిప్పి కొట్టినట్టూ బ్యాంకు రికార్డు దాచుకోండి. అద్దె ఆపితే ఓనరుకి మనమే కారణం చేతికిచ్చినట్టు. రెండు నెలలు టైం కావాలని వాట్సాప్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు. గోడలన్నీ ఇవాళే ఫోటోలు తీసుకోండి. ఇంకో రెండు డ్రమ్ములు కొని నీళ్లు పట్టి ఉంచండి.